కోర్ ఉద్యోగం కావాలా? లోపలి పూత చూడండి

ఫార్మా కంపెనీలో ప్రొడక్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఫ్లూయిడ్ మెకానిక్స్ జోలికే పోలేదు. 'బాబూ, రియాక్టర్ లోపల ఏ రంగులో ఉంటుంది?' అని మాత్రం అడిగాడు. మీ జవాబేంటి?

'స్టీలు రంగు సార్' అనేవాళ్లే ఎక్కువమంది ఉంటారు. స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్ అయితే అది నిజమే. కానీ జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల బల్క్ డ్రగ్ ప్లాంట్లలో యాసిడ్ పనిచేసే రియాక్టర్ల మూత తెరిస్తే చాలావాటిలో ముదురు నీలం కనిపిస్తుంది. అది పెయింటు కాదు, గాజు. ఇనుప పాత్ర లోపలి గోడకు కరిగించి అతికించిన గాజు. ఆ నీలం కోబాల్ట్ ఆక్సైడ్ చలవ. గాజు పొర ఉక్కును గట్టిగా పట్టుకోవడానికీ అడుగు పూతలో అదే సాయపడుతుంది.

కోర్ ఉద్యోగాలు లేవన్న మాట మెకానికల్, కెమికల్, మెటలర్జీ విద్యార్థుల నోట రోజూ వింటున్నాం. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లయితే ల్యాబ్‌లో క్యూసీ తప్ప ఇంకేం లేదనుకుని ఆగిపోతున్నారు. ఉద్యోగాలు కొండంత ఉన్నాయని మేమూ అనం. కానీ ఉన్నచోట మనవాళ్లు చూడటం లేదు. పాత్రల లోపల, పైపుల మీద, చిమ్నీల గోడలకు వేసే పూతలూ లైనింగులూ అలాంటి చోటు. తుప్పును, యాసిడ్‌ను, వేడిని, ఒక్కోసారి కరెంటును కూడా అడ్డుకునే పొరలవి. కర్మాగారం మొత్తం ఆ పలుచని పొర మీద బతుకుతుంది. సిలబస్‌లో మాత్రం దానికి దక్కేది ఓ అరపేజీ.

విషయం మనకు కొత్తదేం కాదు. అమ్మమ్మ కాలంలో ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే ముందు కళాయి వేయించేవాళ్లు. వీధిలోకి కళాయి పోసేవాడొచ్చి కొలిమి పెట్టి, గిన్నె కాల్చి, నవసారం చల్లి, తగరం పూసి దూదితో ఒక్క తుడుపు తుడిచేవాడు. ఆ పూత పోయిందా, చింతపండు తగిలి కిలుం పట్టేది. ఆవకాయ జాడీదీ అదే కథ. ఉప్పు, కారం, నూనె, పులుపు ఏడాదంతా అందులోనే ఉంటాయి. మట్టి జాడీ చెక్కుచెదరదు, ఎందుకంటే దాని ఒంటి మీద గాజులాంటి మెరుపు పూత ఉంది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్ అంటే ఈ రెండూ కలిసినట్టే. బలం ఉక్కుది, ఒంటికి పట్టకుండా చూసే గుణం జాడీది.

దీన్ని తయారు చేసే తీరు తెలుసుకుంటే ఎలా పాడవుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. కార్బన్ తక్కువగా ఉన్న ఉక్కుతో పాత్ర కడతారు. లోపల గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేసి గరుకుగా మారుస్తారు. గాజుపొడిని నీళ్లలో కలిపి పిచికారీ చేసి, ఆరబెట్టి, పెద్ద కొలిమిలో 800 డిగ్రీల సెల్సియస్ పైన కాలుస్తారు. మళ్లీ పూత, మళ్లీ కొలిమి. ఇలా చాలాసార్లు చేస్తే చివరికి మిగిలే గాజు మందం సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. పాత్ర చల్లారేటప్పుడు ఉక్కు గాజుకంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. అందువల్ల గాజు ఎప్పుడూ నొక్కిపెట్టిన స్థితిలో ఉంటుంది. గాజుకు లాగితే పగిలే గుణం ఉంది కానీ నొక్కితే తట్టుకుంటుంది. అందుకే ఈ పొర కిటికీ అద్దమంత తేలిగ్గా పగలదు.

అలాగని మొండిది కూడా కాదు. వేడిగా ఉన్న రియాక్టర్ జాకెట్‌లోకి ఒక్కసారిగా చల్లనీళ్లు వదిలితే లేచిపోతుంది. పైనుంచి స్పానర్ జారిపడితే పెచ్చు ఊడుతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ దీన్ని తినేస్తుంది, వేడి కాస్టిక్ మెల్లగా అరగదీస్తుంది. 'గాజుకి ఏమీ కాదు సార్' అని ఇంటర్వ్యూలో చెప్పేశారో, దొరికిపోయినట్టే.

ఇక అసలు తమాషా బయటినుంచి వచ్చే దెబ్బ. పైనున్న నాజిల్ గాస్కెట్ కొద్దిగా లీకై, హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు పాత్ర బయటి ఉక్కు మీద పడుతున్నాయనుకోండి. చూసినవాళ్లు బయట కాస్త తుప్పే కదా అనుకుంటారు. యాసిడ్ ఉక్కుతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అణువుగా మారకముందు పరమాణువుగా ఉన్న హైడ్రోజన్ ఎంత చిన్నదంటే, ఉక్కులోంచి దూరి అవతలి వైపు వెళ్లగలదు. వెళ్లింది గాజు దగ్గర ఆగిపోతుంది. అక్కడ జతలు కట్టి వాయువై, ఒత్తిడి పెరిగి, లోపలి గాజును పెచ్చులుగా ఊడదీస్తుంది. లీకు బయట, దెబ్బ లోపల! జాకెట్‌లో పేరుకున్న పొలుసును వదిలించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోయకూడదనేదీ ఇందుకే. కొన్ని వందల రూపాయల గాస్కెట్ సమయానికి మార్చని పాపానికి పాత్రంతా విప్పి, గాజు మొత్తం తీసేసి మళ్లీ కాల్పించాల్సి రావచ్చు. చిన్న పెచ్చయితే టాంటలం లోహంతో చేసిన బిరడా బిగించి, కింద టెఫ్లాన్ పెట్టి నెట్టుకొస్తారు. టాంటలమే ఎందుకు? గాజు తట్టుకునే యాసిడ్లలో చాలావాటిని అదీ తట్టుకుంటుంది గనుక. మెయింటెనెన్స్ ఇంజినీర్ విలువ ఇలాంటి సంగతుల దగ్గరే తెలుస్తుంది.

గాజు కరెంటును పోనివ్వదన్న సంగతి కూడా ఇక్కడ రెండు రకాలుగా పనిచేస్తుంది. మంచివైపు చూస్తే, పరీక్ష దాని ఆధారంగానే. వేల వోల్టుల విద్యుత్ ఉన్న బ్రష్‌తో లోపలి గోడ మొత్తం తడుముతారు. గాజు బాగుంటే ఏమీ జరగదు. కంటికి కనిపించని సూదిబెజ్జం ఉన్నా టప్పుమని నిప్పురవ్వ లేస్తుంది. దీన్నే స్పార్క్ టెస్ట్ అంటారు. చెడువైపు చూస్తే, టోలీన్, హెక్సేన్ లాంటి సాల్వెంట్లు తిప్పినప్పుడు పుట్టే స్థిరవిద్యుత్ బయటకి పోయే దారి ఉండదు. 'బాడీకి ఎర్తింగ్ ఉందిగా' అంటే చాలదు, మధ్యలో గాజు అడ్డం ఉంది. పోగైన ఛార్జి ఒక్కసారిగా దూకితే గాజుకు చిల్లు పడొచ్చు, అంతకంటే ఘోరంగా సాల్వెంట్ ఆవిరి అంటుకోవచ్చు. నైట్రోజన్ ఎందుకు నింపుతారు, సాల్వెంట్‌ను పైనుంచి ధారగా పోయకుండా అడుగుదాకా ఉన్న పైపులోంచి ఎందుకు పంపుతారు అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది. కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థి ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకున్నా ఈ వారం ఈ కాలమ్ పని చేసినట్టే.

గాజు ఒక్కటే కాదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ట్యాంకులకు రబ్బరు షీటు అతికించి ఆవిరితో ఉడికిస్తారు. పైపులకు టెఫ్లాన్ గొట్టం తొడుగుతారు. ఎఫ్‌ఆర్‌పీ, ఇపాక్సీ ఎలాగూ ఉన్నాయి. వీటన్నిటికీ మన దేశంలో ఐఎస్ 4682 అనే ప్రమాణం భాగాలు భాగాలుగా ఉంది. రబ్బరు లైనింగ్ నుంచి ఇటుకల లైనింగ్ దాకా అందులో చెప్పారు.

ఇటుక అనగానే నవ్వొస్తుంది. యాసిడ్ ట్యాంకులో ఇటుకలేంటి? చాలామంది ఇంజినీర్లు కూడా పొరబడే చోటిది. యాసిడ్‌ను పూర్తిగా ఆపే పని ఇటుకలది కాదు. వాటి సందుల్లోంచి కొంత యాసిడ్ లోపలికి ఇంకుతూనే ఉంటుంది. ఉక్కు గోడకు ముందు రబ్బరో సీసమో ఒక పొర వేస్తారు, యాసిడ్‌ను ఆపేది అది. కానీ రబ్బరుకు వేడి పడదు. కాబట్టి దాని ముందు ఇటుకలు కడతారు. ఇటుక వేడిని తగ్గించి రబ్బరును కాపాడుతుంది, రబ్బరు యాసిడ్‌ను ఆపి ఉక్కును కాపాడుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ తయారీలోనైతే మామూలు యాసిడ్ ప్రూఫ్ ఇటుక కూడా పనికిరాదు. రాక్ ఫాస్ఫేట్‌లో ఉండే ఫ్లోరిన్ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌గా మారి ఇటుకలోని సిలికాను తినేస్తుంది. అక్కడ కార్బన్ ఇటుక వాడతారు. విశాఖలో ఎరువుల పరిశ్రమవైపు ఉద్యోగం చూసుకునేవాళ్లకు ఇది పనికొచ్చే ముక్క.

వేడినీ యాసిడ్‌నూ ఒకే పొరతో అడ్డుకునే సరుకు కూడా ఉంది. బోరోసిలికేట్ గాజును నురగలా పొంగించి చేసిన దిమ్మెలు. చూడ్డానికి ప్యూమిస్ రాయిలా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. లోపల లక్షల చిన్న గదులు, ప్రతి గదీ మూసుకునే ఉంటుంది కాబట్టి నీరు ఇంకదు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పొగలోంచి గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యూనిట్ పెడితే, కడిగిన తర్వాత పొగ తడిసి సుమారు 50 డిగ్రీలకు చల్లారిపోతుంది. అప్పుడు అందులో మిగిలిన ఆమ్లం చిమ్నీ గోడ మీద నీరులా చేరి కాంక్రీటునూ ఉక్కునూ తింటుంది. చిమ్నీ లోపలి గోడకు ఈ దిమ్మెల్ని ప్రత్యేకమైన జిగురుతో అంటిస్తే రెండు సమస్యలూ తీరతాయి. వందల మీటర్ల ఎత్తున వేలాడుతూ చేసే పని అది!

అయితే ఇక్కడో హెచ్చరిక. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ గంధక వాయువులకు పరిమితి పెట్టాక ఎఫ్‌జీడీ మీద ఆశతో చాలా కంపెనీలు మనుషుల్ని తీసుకున్నాయి. గడువులు జరుగుతూ వచ్చాయి. చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. పర్యావరణం కోణంలో అది మంచి నిర్ణయం కాదన్నది మా అభిప్రాయం. కానీ కెరియర్ కోణంలో మీరు గ్రహించాల్సింది వేరు. ఒక్క నిబంధన మీద, ఒక్క రకం పరికరం మీద ఆధారపడి నైపుణ్యం నేర్చుకుంటే ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడగానే మీ రెజ్యూమె పాతబడిపోతుంది. పూత ఎందుకు పట్టుకుంటుంది, ఎందుకు ఊడుతుంది అన్నది నేర్చుకున్నవాడు చిమ్నీ నుంచి రియాక్టర్‌కీ, రియాక్టర్ నుంచి ఓడకీ మారగలడు.

ఇన్సులేషనే తుప్పుకు కారణమయ్యే సందర్భం కూడా ఒకటుంది. వేడి పైపు చుట్టూ రాక్‌వూల్ చుట్టి పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. రేకు అతుకు దగ్గర వాననీరు లోపలికి దిగిందంటే అంతే సంగతులు. ఉన్ని తడిసి, పైపును తడిబట్టలా చుట్టుకుని ఉంటుంది. పైన రేకు మిలమిలా మెరుస్తుంటుంది, లోపల ఉక్కు పలచబడుతుంటుంది. రిఫైనరీ భాషలో దీన్ని సీయూఐ అంటారు, అంటే ఇన్సులేషన్ చాటున పట్టే తుప్పు. విశాఖ లాంటి తీరంలో ఉప్పుగాలి కూడా తోడైతే ఇది పెద్ద తలనొప్పి. ఏ ముక్క విప్పి చూడాలో చెప్పగలిగిన ఇన్‌స్పెక్టర్‌కు అక్కడ గౌరవం ఎక్కువ, ఎందుకంటే మొత్తం విప్పడానికి ఎవరి దగ్గరా డబ్బుండదు.

తుప్పు ఖర్చెంతో చెప్పాలంటే, నేస్ ఇంటర్నేషనల్ సంస్థ 2016లో విడుదల చేసిన అధ్యయనం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 2.5 లక్షల కోట్ల డాలర్లని లెక్కగట్టింది. అది ప్రపంచ జీడీపీలో సుమారు 3.4 శాతం. ఇప్పటికే తెలిసిన పద్ధతులు సరిగ్గా పాటిస్తే అందులో 15 నుంచి 35 శాతం మిగులుతుందనీ అన్నది. కొత్తగా ఏదీ కనిపెట్టకుండానే! అంటే కొరత ఉన్నది తెలిసినపనిని శ్రద్ధగా చేసేవాళ్లకు.

మరి దారి ఏది? బీటెక్, డిప్లొమా వాళ్లకు ఫార్మా, కెమికల్ ప్లాంట్ల మెయింటెనెన్స్ విభాగాలు, లైనింగ్ కాంట్రాక్టు కంపెనీలు, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ సంస్థలు ఉన్నాయి. ఐటీఐ వాళ్లకు బ్లాస్టింగ్, రబ్బరు లైనింగ్, ఇన్సులేషన్ ఫిట్టింగ్ పనులు ఉన్నాయి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో ఈ పనుల్లో ఉన్నవాళ్లను అడిగితే లోతుపాతులు చెబుతారు. పాలిమర్ల వైపు ఇష్టం ఉంటే హైదరాబాద్, విజయవాడల్లో సీపెట్ ఉంది. పరిశోధన అంటే ఆసక్తి ఉంటే తమిళనాడు కారైక్కుడిలోని సీఎస్‌ఐఆర్ సంస్థ సీఈసీఆర్‌ఐ, మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, తార్నాకలోని ఐఐసీటీ ప్రాజెక్టు అవకాశాల కోసం ప్రకటనలు చూస్తుండండి.

సర్టిఫికెట్ల సంగతి కొంచెం నిష్ఠూరంగానే చెప్పాలి. నేస్, ఎస్‌ఎస్‌పీసీ అనే రెండు సంస్థలు కలిసి 2021లో ఏఎమ్‌పీపీగా మారాయి. దాని కోటింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్‌కు, అలాగే బీజీఏఎస్, ఫ్రోసియో లాంటివాటికి దేశవిదేశాల్లో విలువ ఉంది. ఫీజు కూడా గట్టిగానే ఉంటుంది. ఫైనలియర్‌లోనే నాన్నతో అప్పు చేయించి ఆ కోర్సు కొనకండి. ఒక్క రోజు కూడా బ్లాస్టింగ్ యార్డులో నిలబడని ఫ్రెషర్ చేతిలో ఆ కాగితం చూసి ఎవరూ ఇన్‌స్పెక్టర్ కుర్చీ వేయరు. ముందు ఏడాదో రెండేళ్లో సైట్‌లో ఉండండి. చాలా కంపెనీలు పనిచేసేవాళ్లను తామే పంపుతాయి. 'వంద శాతం గల్ఫ్ జాబ్' అని బోర్డు పెట్టిన వాళ్ల దగ్గరికైతే అసలే వెళ్లొద్దు.

సైట్‌లో నేర్చుకోవాల్సినవి పుస్తకంలో చదివితే చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఉక్కు ఉపరితలం ఎంత శుభ్రంగా ఉందో ఐఎస్‌ఓ 8501-1 బొమ్మలతో పోల్చి చూడటం, 'ఎస్‌ఏ రెండున్నర' అంటే ఏమిటో కంటితో గుర్తుపట్టడం. ఉక్కు ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయికంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటేనే పూత మొదలుపెట్టడం. తేమ ఎక్కువున్న ఉదయం కాకినాడలో చల్లటి స్టీలు గ్లాసు బల్ల మీద పెడితే బయట నీటిచుక్కలు పడతాయి కదా, ట్యాంకు గోడ మీదా అదే జరుగుతుంది. అది కంటికి కనిపించదు. దాని మీద పూత వేస్తే ఆ రోజుకి బ్రహ్మాండంగా ఉంటుంది. కొన్ని నెలల తర్వాత బొబ్బలు లేస్తాయి.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం జీతం కాదు, దుమ్ము కాదు. రెండూ ఉన్నాయి, దాచం. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ మిత్రుడితో పోల్చుకునేలా ఉండదు, ఊళ్లు తిరగాలి, షట్‌డౌన్ అంటే రాత్రీ పగలూ ఒకటే. కానీ అసలు కష్టం ఒక రాత్రి వస్తుంది. తెల్లారితే ప్లాంటు స్టార్ట్ చేయాలి. పూత పని ఆలస్యమైంది. ఆ పూట తేమ రీడింగు ఎవరూ తీసుకోలేదు. సూపర్‌వైజర్ భుజం మీద చెయ్యేసి 'నిన్నటి నంబరే వేసెయ్ తమ్ముడూ, ఎవడు చూస్తాడు' అంటాడు. నిజమే, ఎవరూ చూడరు. పూత ఊడేనాటికి మీరు ఇంకో సైట్‌లో ఉంటారు. ఆ రోజు ఫ్లాంజ్ పక్కన నిలబడి ఉండేది మాత్రం రోజుకూలీకి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు. మీరు ఆ నంబరు వేస్తారా వేయరా అన్నదే ఈ వృత్తి. వేయనన్నందుకు ఉద్యోగం పోయినవాళ్లు ఉండొచ్చు. అయినా 'రీడింగ్ తీసుకోలేదు' అని రాసి సంతకం పెట్టండి అనే చెబుతాం. అలా రాసిన ఇంజినీర్‌ను వెనకేసుకురావడం కంపెనీల బాధ్యత. ఆ పని చేయని కంపెనీ సేఫ్టీ వారం రోజున బ్యానర్లు కట్టుకోవడం దండగ.

ప్రాణం సంగతి కూడా చెప్పుకోవాలి. లైనింగ్ పని ఎక్కువగా మూసిన పాత్ర లోపల జరుగుతుంది. ఆక్సిజన్ 19.5 శాతంకంటే తగ్గినా, సాల్వెంట్ ఆవిరి పేరుకున్నా లోపలికి వెళ్లినవాడు అరవకుండానే పడిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పడిపోతాడు. గాలి పరీక్ష, పర్మిట్, బయట కాపలా మనిషి. ఈ మూడూ లేకుండా తల కూడా లోపలికి పెట్టొద్దు. ఇసుకతో బ్లాస్టింగ్ చేసేచోట సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని రాయి చేస్తుంది. ఇసుక బదులు స్టీల్ గ్రిట్ వాడమని అడిగే హక్కు మీకుంది.

కాలేజీలకూ ఓ మాట. ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి ఊరి పక్కనే పారిశ్రామికవాడ ఉంది. ఒక బస్సు, ఒక రోజు చాలు. ఖరీదైన ల్యాబ్ కట్టనక్కర్లేదు. మినీ ప్రాజెక్టు ఐడియా కావాలంటే మేమే ఇస్తాం. ఇంట్లో అటక మీద పాత ఎనామెల్ పళ్లెం ఒకటి ఉండే ఉంటుంది, అక్కడక్కడా పెచ్చులూడి. అంచున లోహం బయటపడిన చోట మల్టీమీటర్ ఒక వైరు క్లిప్ పెట్టండి. రెండో వైరు చివర ఉప్పునీళ్లలో ముంచి పిండిన చిన్న స్పాంజి కట్టండి. మీటరును రెసిస్టెన్స్‌లో పెట్టి, స్పాంజితో పళ్లెం అంతా మెల్లగా తడమండి. పూత బాగున్నచోట మీటరు కదలదు. కంటికి కనపడని పగులు దగ్గర మాత్రం అంకె పడిపోతుంది. అలా పడిపోయిన ప్రతిచోటా మార్కర్‌తో గుండ్రంగా గీసి, వరస నంబరు వేసి, కాగితం మీద పళ్లెం బొమ్మ గీసి అందులో గుర్తించండి. తక్కువ వోల్టేజీతో ట్యాంకు పూతను పరీక్షించే ఇన్‌స్పెక్టర్ చేసేదీ సరిగ్గా ఇదే. ఆ కాగితాన్ని ఇంటర్వ్యూ ఫైల్లో పెట్టుకెళ్లండి.